అరవై మంది పిల్లలు, రెండు బంతులు, ఒక్క మైదానం: ఆటల పీరియడ్ నడిపే పద్ధతి

ఆటల పీరియడ్ సరిగా నడుస్తోందో లేదో తేల్చుకోవడానికి చేతి గడియారం చాలు. ఎప్పుడూ వెనక వరసలో నిలబడే ఒక అమ్మాయిని ఎంచుకోండి, ఆ సంగతి ఎవరికీ చెప్పకండి. గంట కొట్టినప్పటి నుంచి మళ్లీ గంట కొట్టేదాకా ఆ అమ్మాయి ఒళ్లు కదిలిన నిమిషాలు మాత్రమే లెక్కపెట్టండి. 45 నిమిషాల పీరియడ్‌లో అది 20 దాటితే మీ పద్ధతి బాగున్నట్టే. రెండు బంతులు పడేసి ‘ఆడుకోండి’ అని వదిలేసిన రోజున ఆ లెక్క ఐదుకు చేరడం కూడా కష్టం. మగపిల్లల్లో పది పన్నెండు మంది ఆడతారు, మిగతావాళ్లు గోడ వెంట కూర్చుంటారు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు గుండె వేగం పెరిగేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడి పీరియడ్‌లో దక్కేది మహా అయితే అందులో మూడో వంతు. ఆ మూడో వంతైనా ఆట వచ్చినవాళ్లకే కాకుండా తరగతిలో అందరికీ అందాలి. పీఈటీలకు, పీడీలకు (బడిలో వ్యాయామ ఉపాధ్యాయులకు), ఆ పోస్టు ఖాళీగా ఉన్న బడిలో ఈ పీరియడ్ తమ మీద పడ్డ లెక్కల సారుకో తెలుగు టీచరుకో పనికొచ్చేలా ఇది రాశాం. వరంగల్, హనుమకొండ, ములుగు, కరీంనగర్ వైపు నేలలూ ఎండలూ దృష్టిలో పెట్టుకున్నాం.

ముందు నేల సంగతి

జూన్‌లో బడి తెరిచాక మొదటి రెండు పీరియడ్లు బంతి బయటికి తీయకండి. సెలవుల్లో ఊళ్లోవాళ్లు ఆ మైదానంలో వడ్లు ఆరబోసి ఉంటారు, పెళ్లికి టెంట్లు వేసి ఉంటారు. టెంటు మేకులు, గాజు పెంకులు, తుమ్మముళ్లు, పల్లేరు కాయలు మిగిలి ఉంటాయి. పెద్ద తరగతుల పిల్లలను చెప్పులతోనే, చేయి చాపినంత ఎడంతో ఒక వరసగా నిలబెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా నడిపించండి. ఏదైనా కనబడితే పిల్లలు అక్కడే ఆగి చేయెత్తాలి, తీసేది మాత్రం పెద్దలే. పల్లేరు తీగను పసుపు పూలు ఉన్నప్పుడే వేరుతో సహా పీకేయాలి. కాయ ముదిరాక పీకితే ముళ్లన్నీ అక్కడే రాలి, ఏడాది పొడవునా ఒట్టి కాళ్ల పిల్లలను కుంటిస్తాయి. గోడ వారగా గడ్డి, పొదలు, కట్టెల కుప్ప ఉంటే వానలు పడకముందే తీయించండి. బంతి వెళ్లేదీ అక్కడికే, పాములు చేరేదీ అక్కడే.

చెల్క నేల అయితే వాన వెలిసిన గంట రెండు గంటల్లో ఆడనిస్తుంది. నల్లరేగడి అలా కాదు. తడిస్తే రెండు రోజులు కాలికి అంటుకుంటుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెలో మడమ దిగితే చీలమండ బెణకడం ఖాయం. మొత్తం మైదానం బాగుచేసే స్తోమత లేకపోతే వాలీబాల్‌కూ పరుగుకూ సరిపడా ఒక తావులో మొరం పోయించి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పించండి. కబడ్డీకి మాత్రం మొరం వద్దు, మోకాళ్లూ మోచేతులూ చెక్కుకుపోతాయి. కబడ్డీ తావులో గడ్డపారతో నేల గుల్ల చేసి, రాళ్లు ఏరి, జల్లించిన ఎర్రమట్టిలో ఇసుక కలిపి పరచాలి. ఆటకు ముందు రెండు మూడు బిందెల నీళ్లు చిలకరిస్తే దుమ్ము లేవదు, మట్టి మెత్తగా ఉంటుంది.

గీతలకు ముగ్గు పిండి వాడండి, సున్నం వద్దు. సున్నం చెమట ఒంటిని కాలుస్తుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. కబడ్డీలో పిల్లలు సరిగ్గా ఆ గీతల మీదే బోర్లా పడతారు.

మూలలు సరిగా కుదరడానికి ఒక సులువుంది. మహిళల, జూనియర్ బాలికల కబడ్డీ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు. మధ్య గీతకు ఒక్కో వైపు సగం 6 × 8 మీటర్లు అవుతుంది, దాని కర్ణం సరిగ్గా 10 మీటర్లు. మేకులు కొట్టి, సుతిలి లాగి, రెండు కర్ణాలూ టేపుతో కొలవండి. రెండూ 10 వస్తే మూలలు లంబంగా ఉన్నట్టే. మధ్య గీత నుంచి 3 మీటర్ల దూరంలో బాక్ లైన్ (కూతకు వెళ్లినవాళ్లు దాటి రావాల్సిన గీత), దానికి ఇంకో మీటరు అవతల బోనస్ లైన్ (దాటితే పాయింటు వచ్చే గీత), రెండు పక్కలా మీటరు వెడల్పున లాబీలు, అంటే పక్క పట్టీలు. మగవారి కోర్టు 13 × 10 మీటర్లు, అందులో బాక్ లైన్ 3.75 మీటర్ల దగ్గర వస్తుంది. హైస్కూలుకు చిన్న కోర్టే చాలు.

సామాను

పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. 60 మంది తరగతికి గుప్పెడు ఇసుక పోసిన నీళ్ల సీసాలు 24, పాత సాక్సుల్లో గుడ్డపేలికలు కుక్కి కుట్టిన బంతులు 30, పాత సైకిల్ టైర్లు 12, జట్లు గుర్తుపట్టడానికి రెండు రంగుల గుడ్డ పట్టీలు ముప్పయ్యేసి, 50 మీటర్ల టేపు, విజిల్, సుతిలి ఉంటే ఏడాదంతా గడుస్తుంది. సాక్సు బంతి మొహానికి తగిలినా దెబ్బ కాదు. బంతి అంటే భయపడే పిల్లలకు పట్టడం నేర్పడానికి దాన్ని మించింది లేదు.

వాలీబాల్‌కు గాలి మరీ బిగించి కొట్టకండి. రెండు బొటనవేళ్లతో నొక్కితే కొంచెం లోపలికి పోవాలి. చిన్న తరగతుల పిల్లల వేళ్లు వాచడానికి, ముంజేతులు ఎర్రబడడానికి గాలి ఎక్కువైన బంతి పెద్ద కారణం. సూదిని నీళ్లతో తడిపి గుచ్చండి, పొడిగా గుచ్చితే వాల్వు చినిగి ఆ బంతి ఇక గాలి నిలపదు.

మొదటి వారంలో పిల్లలకు చెప్పాల్సినవి

నియమాలు నాలుగైదుకు మించకూడదు, చెప్పినవి మాత్రం ప్రతిరోజూ అమలు కావాలి.

విజిల్ ఒకసారి మోగితే ఎక్కడివాళ్లు అక్కడే ఆగాలి, బంతి చేతిలో ఉంటే నేల మీద పెట్టాలి. రెండుసార్లు మోగితే సారు దగ్గరికి రావాలి. దీన్ని మాటలతో చెబితే నిలవదు. మొదటి రోజు పది నిమిషాలు అందరినీ ఇష్టమైనట్టు నడవమని, తర్వాత మెల్లగా పరుగెత్తమని చెప్పి మధ్యమధ్యలో ఊదండి. మూడు సెకన్లలో 60 మంది ఆగేదాకా మళ్లీ మళ్లీ చేయించండి. ఈ ఒక్క అలవాటు కుదిరితే గొంతు చించుకునే పని ఉండదు, ప్రమాదం జరగబోతున్నప్పుడు ఆపగలుగుతారు.

గాజులు, చెవి కమ్మలు, పిన్నులు తీసి సంచిలో పెట్టాలి. గోళ్లు కత్తిరించుకుని రావాలి, కబడ్డీ ఉన్న వారం మొదట్లో నెయిల్ కట్టర్ మీ దగ్గర ఉంచండి. చున్నీ నడుముకు బిగించి ముడేయాలి, పిన్నుతో కాదు. చెప్పులతో పరుగెత్తడం ఎవరికీ వద్దు. బూట్లు లేనివాళ్లు శుభ్రం చేసిన తావులో ఒట్టి కాళ్లతో ఆడడమే మేలు. చెప్పు మడత పడి పిల్లలు ముందుకు తూలి పడతారు. బూట్లు లేవని ఎవరినీ బయట కూర్చోబెట్టకండి.

మధ్యాహ్న భోజనం అయిన వెంటనే వచ్చే పీరియడ్‌లో పరుగులు, కబడ్డీ పెట్టకూడదు, కడుపులో పోటు, వాంతులు వస్తాయి. టైంటేబుల్ వేసేటప్పుడే హెడ్మాస్టరుతో మాట్లాడి ఆటలను పొద్దుటి పీరియడ్లకో చివరి పీరియడ్‌కో మార్పించుకోండి. కుదరకపోతే ఆ పీరియడ్‌కు విసరడం, పట్టడం, గురి చూసి కొట్టడం లాంటివి ఉంచుకోండి.

నెలసరి రోజుల్లో అమ్మాయిలను ఆడొద్దనీ అనకూడదు, ఆడి తీరాలనీ అనకూడదు. నలుగురిలో చెప్పుకోనక్కర్లేకుండా ఒక గుర్తు పెట్టండి: ఆ రోజు రంగు పట్టీ తీసుకోకుండా స్కోరు పుస్తకం తీసుకుంటే చాలు, ఎవరూ ఏమీ అడగరు. జ్వరం వచ్చి తగ్గినవాళ్లకూ దెబ్బ తగిలినవాళ్లకూ అదే దారి. కూర్చున్నవాళ్లకు కూడా పని ఉండాలి: టైం చూడడం, చుట్లు లెక్కపెట్టడం, ఫౌల్స్ రాయడం. ఊడ్చే పని, సామాను మోసే పని కాదు.

ఇక రెండు విషయాల్లో గట్టిగా ఉండాలి. అల్లరి చేసినవాళ్లతో రౌండ్లు కొట్టించకండి, గుంజీలు తీయించకండి. పరుగును శిక్షగా మార్చితే ఆ పిల్లలకు జన్మంతా పరుగంటే అవమానమే గుర్తొస్తుంది. రెండోది, ఇద్దరు కెప్టెన్లను నిలబెట్టి ఒక్కొక్కరినీ ఎంచుకోమనకండి. చివర్లో మిగిలేది ప్రతిసారీ అదే ఇద్దరు ముగ్గురు. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్క చెప్పించి జట్లు చేయండి, లేదా పట్టీలు మీరే పంచండి.

నిమిషాల లెక్క

60 మందిని ఆరుగురేసి 10 గుంపులు చేయండి. ఏడాదికి మూడు సార్లు మార్చండి, ప్రతి గుంపులో చురుకైనవాళ్లూ నెమ్మదివాళ్లూ కలిసి ఉండాలి. హాజరు గుంపు లీడర్లే చెబుతారు: ‘ఒకటో గుంపు, ఇద్దరు రాలేదు సార్’. పేరు పేరునా పిలిస్తే ఐదారు నిమిషాలు పోతాయి, ఇలా అయితే ఒక్క నిమిషం.

మొదటి 4 నిమిషాలు తరగతి నుంచి రావడానికి, హాజరుకు. ఆ తర్వాత 8 నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం, 10 నిమిషాలు ఆ రోజు నేర్పే ఒక్క నైపుణ్యం, 16 నిమిషాలు ఆట, 5 నిమిషాలు ఒళ్లు చల్లబరచడం, చివరి 2 నిమిషాలు సామాను లెక్క. మీ బడిలో పీరియడ్ 40 నిమిషాలే అయితే ఆటలో కోత పెట్టకండి, నేర్పే మాటలు తగ్గించండి. ఒకేసారి ఒక్క విషయం, అర నిమిషంలో చెప్పి, చేసి చూపించి, వదిలేయాలి.

‘సావధాన్, విశ్రామ్’తో మొదలుపెట్టి పదిహేను నిమిషాలు నిలబెట్టి చేతులూపించే పాత డ్రిల్‌తో ఒళ్లు వేడెక్కదు. 20 మీటర్ల చదరంలో ముట్టుడు ఆట పెట్టండి. 60 మందికి ఆరుగురు దొంగలు. దొరికినవాళ్లు బయటికి పోకూడదు. అక్కడే ఒంటికాలి మీద గెంతుతూ ఉంటే స్నేహితులు వచ్చి చేయి తట్టి విడిపించాలి. రెండు నిమిషాలకోసారి దొంగలను మార్చండి. ‘ఔటైతే బయటికి’ అనే ఆటలన్నిటిలో మొదట బయటికి పోయేది ఎవరికైతే కదలిక ఎక్కువ అవసరమో వాళ్లే. అందుకే ఈ పీరియడ్‌లో ఔట్ అంటే జాగా మారడమే గానీ ఆగిపోవడం కాదు.

ముట్టుడు ఆట తర్వాత మోకాళ్లు పైకెత్తి పరుగు, మడమలు వెనక్కి తగిలేలా పరుగు, పక్కకు జరగడం, నడుము తిప్పడం, భుజాలు తిప్పడం ఒక్కోటి 20 సెకన్లు. కండరాన్ని సాగదీసి కదలకుండా ఉంచే వ్యాయామాలను చివరి 5 నిమిషాలకు ఉంచండి, ఒక్కోటి 20 నుంచి 30 సెకన్లు. ఊపుతూ సాగదీయకూడదు, నొప్పి పుట్టేదాకా లాగకూడదు.

వరసల విషయంలో ఎక్కువమంది పొరపడతారు. 60 మందిని 4 వరసలు చేసి రిలే పెడితే ఒక్కో వరసలో 15 మంది. ఒకరు వెళ్లి రావడానికి 12 సెకన్లు పడితే, ఒక్కో పిల్ల తన వంతు కోసం 168 సెకన్లు, అంటే దాదాపు మూడు నిమిషాలు నిలబడాలి. అదే పిల్లలను 12 వరసలు చేస్తే వరసకు ఐదుగురు, ఎదురుచూపు 48 సెకన్లకు దిగుతుంది. అందుకే ఇసుక సీసాలు 24 అన్నాం, వరసకు మొదట్లో ఒకటి, చివర ఒకటి. తోపులాట, అల్లరి చాలావరకు ఆ ఎదురుచూపులో పుట్టేవే.

కబడ్డీ నేర్పడం: ఆరు పీరియడ్లు

ఈ ఆట మన పిల్లలకు పుట్టుకతో వచ్చినట్టే ఉంటుంది, అందుకే ఎవరూ నేర్పరు. నేర్పకుండా ఆడిస్తే కాలర్‌బోన్లు విరుగుతాయి, వేళ్లు మెలిపడతాయి. మొదటి నాలుగు పీరియడ్లలో పూర్తి మ్యాచ్ పెట్టకండి, పిల్లలు ఎంత అడిగినా.

మొదటి పీరియడ్ పడడం కోసం. తడిపిన మెత్తటి మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని ముందుకు, పక్కకు పడడం. చేయి చాచి అరచేతి మీద బరువు ఆపుకోవడం ప్రమాదం, మణికట్టు దెబ్బతినేదీ కాలర్‌బోన్ విరిగేదీ అలాగే. గడ్డం ఛాతీకి ఆనించి, మోచేయి మడిచి, భుజం వెనక భాగం మీదుగా దొర్లాలి. కూర్చుని వచ్చాకే నిలబడి.

రెండో పీరియడ్ కాళ్ల కదలికకూ కూతకూ. మోకాళ్లు కొంచెం వంచి, బరువు పాదాల ముందు భాగం మీద ఉంచి, పక్కకు జరుగుతూ పోవాలి. కాలు మీద కాలు దాటిస్తే పట్టుకునేవాడు తోసినా తోయకున్నా పడిపోతారు. ‘కబడ్డీ, కబడ్డీ’ అని అంపైర్‌కు వినబడేలా తెగకుండా పలకాలి, రైడ్‌కు, అంటే ఒక కూతకు, 30 సెకన్లు. టచ్ రాకపోతే బాక్ లైన్ ఒక్కసారైనా దాటి రావాలి, లేదంటే కూతకు వెళ్లిన రైడరే ఔట్. ఎదురు జట్టులో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడే బోనస్ లైన్ దాటితే పాయింటు. ఈ రెండూ గీతల మీద నడిపించి చూపిస్తేనే బుర్రకెక్కుతాయి, నోటితో చెబితే కాదు.

మూడో పీరియడ్‌లో గొలుసు, అంటే చేయీ చేయీ పట్టుకుని రైడర్‌ను అడ్డుకోవడం. పక్కవాడి చేయి పట్టుకునేటప్పుడు వేళ్లలో వేళ్లు జొప్పించకూడదు. రైడర్ ఒక్క ఊపు ఊపితే ఆ వేళ్లే విరుగుతాయి. ఒకరి మణికట్టు ఇంకొకరు పట్టుకోవాలి. గొలుసులో ఇద్దరూ ఒకేసారి అడుగేయడం ఇక్కడి అసలు పాఠం. ఒకరు ముందు, ఒకరు వెనక కదిలితే మధ్యలో సందు పడుతుంది, రైడర్ దూరేది అక్కడే.

నాలుగో పీరియడ్ పట్టు. చీలమండ పట్టేవాడు ఒక కాలు ముందుకేసి వంగి, రెండు చేతులతో చీలమండను అందుకుని తన వైపు పైకి లాగాలి. తల ఎత్తి ఉండాలి, రైడర్ మోకాలికి ఎదురుగా కాకుండా పక్కన ఉండాలి. తల కిందికి దించి దూకినవాడి ముక్కుకూ పళ్లకూ మోకాలి దెబ్బ తప్పదు. జతలు బరువును బట్టి వేయండి, ఇద్దరి మధ్య తేడా 5 కిలోలకు మించకుండా. జుట్టు, బట్టలు పట్టడం, నోరు మూయడం, కాళ్లతో కత్తెర వేయడం మొదటి రోజు నుంచే ఫౌల్. ఆడపిల్లల పట్టు అభ్యాసం వేరు కోర్టులో, వీలైతే టీచరమ్మ చూస్తుండగా.

ఐదో పీరియడ్ చిన్న కోర్టులు. నియమాల ప్రకారం ఒక కోర్టులో జట్టుకు ఏడుగురు, అంటే 14 మంది. మిగతా 46 మంది ప్రేక్షకులవుతారు. దానికి బదులు 8 × 6 మీటర్ల కోర్టులు నాలుగు గీయండి, మధ్య గీత నుంచి 2 మీటర్ల దగ్గర బాక్ లైన్. ఐదుగురేసి ఆడితే 40 మంది ఆటలో ఉంటారు. మిగతా 20 మంది టైర్లలో కాళ్ల పరుగు, తాడు గెంతడం చేస్తారు. ఐదు నిమిషాలకోసారి మార్చితే పీరియడ్‌లో ప్రతి ఒక్కరికీ 10 నిమిషాలు కబడ్డీ, 5 నిమిషాలు మిగతా పని. ఔటైనవాళ్లు కోర్టు వెనక పదిసార్లు గెంతి తిరిగి వచ్చేయాలి. ప్రతి కోర్టుకూ ఒక పిల్ల అంపైర్.

ఆరో పీరియడ్‌లో అసలు మ్యాచ్, పూర్తి నియమాలతో. అప్పటికి అంపైరింగ్ కూడా పిల్లలకే వచ్చి ఉంటుంది.

ఖోఖో, వాలీబాల్

ఖోఖోకు బంతి కూడా అక్కర్లేదు, అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి ఆడొచ్చు. మైదానం 27 × 16 మీటర్లు. రెండు స్తంభాల మధ్య 24 మీటర్లు, స్తంభం ఎత్తు నేల పైన 120 సెంటీమీటర్లు, నడిమి దారి వెడల్పు 30 సెంటీమీటర్లు. అడ్డ దారులు 8, ఒక్కోటి 35 సెంటీమీటర్లు, వాటి మధ్య ఎడం 2.30 మీటర్లు. స్తంభం నుంచి మొదటి అడ్డ దారికి 2.55 మీటర్లు. ఇవన్నీ కూడితే సరిగ్గా 24 రావాలి, రాకపోతే ఎక్కడో కొలత తప్పారు. ఇనుప పైపు పాతకండి, నునుపు చేసిన సర్వి కర్ర పాతండి. పిల్లలు స్తంభాన్ని చేత్తో పట్టుకుని గిర్రున తిరుగుతారు, పైపు అంచు అరచేయి చీల్చేస్తుంది.

ఖో ఇచ్చేటప్పుడు పిల్లలు వీపు మీద గట్టిగా తోస్తారు, కూర్చున్నవాళ్లు మొహం మీద పడతారు. అరచేత్తో తాకితే చాలని, తాకినప్పుడే ‘ఖో’ అనాలని, ముందే అరిస్తే ఫౌల్ అని నిదానంగా నడిచి చేయించండి. తరగతిలో ఇన్నింగ్స్ 9 నిమిషాలు వద్దు. ఎక్కువసేపు కూర్చునేది ఈ ఆటలోనే కాబట్టి 3 నిమిషాలకు జట్లు మార్చండి. ఐదుగురు కూర్చునే చిన్న మైదానాలు రెండు మూడు గీస్తే ఇంకా మంచిది.

వాలీబాల్‌లో 8వ తరగతిలోపు పిల్లలకు నెట్ 2 మీటర్ల ఎత్తున కడితే చాలు, మహిళల నెట్ 2.24 మీటర్లు, పురుషులది 2.43. నెట్ లేకపోతే రెండు చెట్లకు తాడు కట్టి పాత చీర ముక్కలు వేలాడదీయండి.

పరుగు, కొలతలు

9 నుంచి 18 ఏళ్లవారికి కేంద్ర ప్రభుత్వ క్రీడా కార్యక్రమం ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో ఎత్తు, బరువుతో పాటు 50 మీటర్ల పరుగు, 600 మీటర్ల పరుగు లేదా నడక, కూర్చుని ముందుకు వంగి అందుకోవడం, 30 సెకన్ల పార్షియల్ కర్ల్ అప్ (వెల్లకిలా పడుకుని తల, భుజాలు పైకి లేపడం), పుషప్స్ ఉంటాయి. అమ్మాయిలు మోకాళ్లు ఆనించి పుషప్స్ చేస్తారు. జులైలో ఒకసారి, జనవరిలో ఒకసారి కొలిస్తే చాలు.

600 మీటర్లకు ట్రాక్ లేకపోయినా ఫర్వాలేదు. 50 × 25 మీటర్ల దీర్ఘచతురస్రం కొలిచి మూలల్లో సీసాలు పెట్టండి. ఒక చుట్టు 150 మీటర్లు, నాలుగు చుట్లకు 600. జతలు వేసి ఒకరు పరుగెత్తుతుంటే ఇంకొకరు చుట్లు లెక్కపెట్టాలి, 30 మందిని ఒకేసారి పరుగెత్తించొచ్చు. పదునైన మూలల వల్ల టైం ఎక్కువ వస్తుంది, కాబట్టి ఆ అంకెలను ట్రాక్ అంకెలతో పోల్చకండి. అదే పిల్ల జులై టైంతో జనవరి టైం పోల్చండి. మొదటి చుట్టే ప్రాణం పెట్టి పరుగెత్తి రెండో చుట్టులో కూలబడడం అందరూ చేసే పొరపాటు. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత వేగంతో మొదటి రెండు చుట్లు వేయించండి.

50 మీటర్లకు విజిల్ విని వాచీ నొక్కకండి. శబ్దం 50 మీటర్లు రావడానికి దాదాపు 0.15 సెకను పడుతుంది. జెండా దించడం చూసి నొక్కాలి.

స్థలం ఉన్న బడులు 200 మీటర్ల ట్రాక్ గీయొచ్చు. 40 మీటర్ల తిన్నని దారులు రెండు, అర్ధవృత్తాలకు 18.90 మీటర్ల వ్యాసార్ధం. ముగ్గు గీతకు 20 సెంటీమీటర్లు బయటగా కొలిస్తే చుట్టు 200 అవుతుంది. నాలుగు లేన్లకు సుమారు 88 × 48 మీటర్ల జాగా కావాలి. పూర్తి చుట్టు పరుగుకు లేన్ వెడల్పు 1.22 మీటర్లు అయితే, ఒక్కో లేన్‌లో మొదలుపెట్టే చోటు దానికి లోపలి పక్కన ఉన్న లేన్ కన్నా 7.67 మీటర్లు ముందుండాలి. ఇది మరిచిపోతే బయటి లేన్ పిల్లలు ఎంత పరుగెత్తినా ఓడిపోతారు.

ప్రగతి పత్రంలో గ్రేడ్ ఇచ్చేటప్పుడు ఎవరు వేగంగా పరుగెత్తారన్నది చూడకండి. జులై నుంచి ఎంత మెరుగుపడ్డారు, రోజూ పాల్గొన్నారా, అంపైరింగ్ చేయగలరా అన్నవి చూడండి.

వాన, ఎండ

వానరోజు వరండాలో చోటును బట్టి నాలుగు చోట్ల నాలుగు పనులు పెట్టండి: తాడు గెంతడం, గోడకు ఆని పుషప్స్, ఒంటికాలిపై నిలబడడం, సాక్సు బంతి విసిరి పట్టడం. 40 సెకన్లు పని, 20 సెకన్లు మార్పు. తడి గచ్చు మీద పరుగు వద్దు. బతుకమ్మకు ముందు వారాల్లో కోలాటం పెడితే ఆటలంటే మొహం చాటేసే అమ్మాయిలు కూడా పావుగంట ఆగకుండా కదులుతారు, తాళం తప్పకుండా అడుగేయడం కూడా ఈ పీరియడ్ నేర్పాల్సిందే.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక ఆటలు మొదటి రెండు పీరియడ్లలోనే. పది నిమిషాలకోసారి నీళ్లు, దాహం వేసినా వేయకపోయినా. లీటరు నీళ్లలో ఆరు సమానపు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపితే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లేని రోజు గడుస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలైతే నీడకు తీసుకెళ్లి పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. ఒళ్లు కాలిపోతూ పొంతన లేని మాటలు మాట్లాడితే అది వడదెబ్బ. ఒంటి నిండా నీళ్లు పోస్తూ, విసురుతూ 108కు ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు.

వెనక ఉండిపోయే పిల్లలు

పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో మహిళల 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం గెలిచారు. అదే ఏడాది కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం సాధించారు. టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవారి విభాగం. ‘వాడికి అర్థం కాదు సార్, కూర్చోబెట్టండి’ అనే మాట తరగతిలో వినబడినప్పుడు ఈ పేరు చెప్పండి.

అలాంటి పిల్లలకు ఒకేసారి ఒక్క సూచన ఇవ్వండి, చెప్పడం కన్నా చేసి చూపించండి, ప్రతిరోజూ అదే మాటతో అదే పని మొదలుపెట్టండి, ఓపిక ఉన్న ఒకే జత పిల్లను తోడు ఉంచండి. నడవడం కష్టమైన పిల్లలకు దూరం తగ్గించండి, బంతి పెద్దది చేయండి, కూర్చుని విసిరే ఆట అందరితో ఆడించండి. ఆట నియమం మారాలి గానీ పిల్ల బయటికి పోకూడదు.

దెబ్బలు

బెణికితే ఆట ఆపించి, ఐస్‌ను గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టి, క్రేప్ బ్యాండేజ్ కట్టి, కాలు ఎత్తులో ఉంచండి. తైలం రాసి లాగడం, మర్దన చేయడం వద్దు, విరిగిందో బెణికిందో చేత్తో తెలియదు. పాదం మోపలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. ముక్కు నుంచి రక్తం కారితే తల వెనక్కి వాల్చకూడదు, ముందుకు వంచి ముక్కు మెత్తటి భాగాన్ని పది నిమిషాలు వదలకుండా నొక్కాలి. తలకు దెబ్బ తగిలిన పిల్ల ఆ రోజు మళ్లీ ఆడకూడదు. వాంతి, మగత, స్పృహ తప్పడం, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ అడగడం కనబడితే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏం జరిగిందో, ఎప్పుడో, ఏం చేశారో అదే రోజు రిజిస్టర్‌లో రాసి, ఇంటికి మీరే ఫోన్ చేసి చెప్పండి. పిల్లల నోటి నుంచి సాయంత్రం తెలిస్తే మరుసటి రోజు నుంచి ఆ తల్లిదండ్రులు ఆటలకు పంపరు.

పోటీలకు పంపేటప్పుడు

స్కూల్ గేమ్స్ పోటీలు అండర్ 14, 17, 19 విభాగాల్లో మండలం నుంచి జిల్లా, రాష్ట్ర స్థాయికి సాగుతాయి. జట్టు ఎంపిక కోసం ఆటల పీరియడ్ వాడకండి, అది బడి వేళలయ్యాక చేసే పని. పీరియడ్‌లో జట్టుకు ఎంపికయ్యే 12 మందినే ఆడిస్తే మిగతా 48 మంది మళ్లీ గోడ దగ్గరికి చేరతారు. జట్టులోకి వచ్చే అవకాశం ఉన్న పిల్లల బోనఫైడ్, పుట్టిన తేదీ రుజువు, ఆధార్, ఫోటోలు, ఇంట్లోవాళ్ల సంతకంతో అనుమతి పత్రం జులైలోనే ఒక ఫైలులో పెట్టుకోండి. అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒక తేదీ, ఆధార్‌లో ఇంకో తేదీ ఉన్న పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. సర్క్యులర్ వచ్చాక దాన్ని సరిచేయించడానికి వ్యవధి ఉండదు, కాబట్టి బడి తెరిచిన మొదటి నెలలోనే తేదీలు సరిచూసి, తేడా ఉన్నవాళ్ల ఇళ్లకు చీటీ పంపండి.